శ్మశానం దారి

మళ్లీ వాన పడేలోపు కల్లాల్లోని మిరపకాయలు మార్కెట్ యార్డుకు చేరాలి. చేల మధ్య డొంకలో ట్రాక్టర్లు బురదలో కూరుకుపోతున్నాయి.

“అది మీ రైతులు సొంత చేలల్లో వేసుకున్న డొంకండీ. పంచాయతీ కంకర పోయదు,” అన్నాడు కార్యదర్శి. “శ్మశానానికి వెళ్లే దారైతే పోయొచ్చు.”

రైతుల్లో ఒకడైన గురవయ్య డొంక చివర తన చేలో ఐదు సెంట్లు శ్మశానానికి రాసిచ్చాడు.

కార్యదర్శి వచ్చి చూశాడు. “ఇక్కడింకా ఎవర్నీ దహనం చెయ్యలేదు గదండీ. వాడుకలో లేని శ్మశానానికి రోడ్డెట్టా ఇస్తాం? ఒక్కరైనా ఉండాలి.”

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న గురవయ్య తల్లి వైపు చూశారు. రాఘవమ్మకు తొంభై దాటాయి.

“ఏందిరా ఆ చూపులు? సరే, పోతాలే,” అంది రాఘవమ్మ. “ముందు కంకర పోయించండి. ఈ గుంటల్లో పాడె మోస్తే దార్లోనే పడేస్తారు నన్ను.”