సాగర్ నవ్వే వీడియో

పద్మలత చాట పట్టుకుని వచ్చేసరికే శంకరవ్వ ఇంటి ముందు వాడకట్టు ఆడవాళ్లు బీడీలు చుడుతూ కూర్చున్నారు. చేతులు ఆకు మీద ఉన్నాయిగాని, చూపులన్నీ గోడకు ఆనించిన ఫోన్ మీదే ఉన్నాయి.

ఫోన్‌లో శంకరవ్వ కొడుకు సుధాకర్ మాటలు వినిపిస్తున్నాయి. ఎదురుగా పద్మలత కొడుకు సాగర్ కనిపిస్తున్నాడు. సిరిసిల్ల నుంచి ఇద్దరూ ఒకే విమానంలో పరాయి దేశానికి కూలిపనికి పోయారు. పోయి ఏడాది తిరగకుండానే అక్కడ యుద్ధం వచ్చి పడింది. పని ఆగింది. చేతిలో ఫోన్లున్నాయి గదా, నేల కింద గదిలో తాము బతికే బతుకునే వీడియోలు తీసి ఊరికి చూపించడం మొదలుపెట్టారు. చాపలు, చద్దన్నం, నీళ్ల డబ్బాల ముందు వరుసలు. ఊరు ఊరంతా చూసేది.

"సైరన్ మోగితె ఉరుకుడే. గాని అన్నం గిన్నె ఇడిసి ఉరికెటోడు సిరిసిల్లోడు గాదు," అని సాగర్ గిన్నె ఎత్తి చూపించి నవ్వాడు.

ఆడవాళ్లంతా నవ్వారు. పద్మలతా నవ్వింది. ఇంకోసారి పెట్టమంది.

శంకరవ్వ ఫోన్ వైపు చూడకుండానే వేలితో నొక్కింది. తంబాకు ఘాటు అని కొంగు అడ్డం పెట్టుకుంది. కొడుకు మీద బెంగ, పాపం, అనుకున్నారు అందరూ. బెంగ కాదు. సిగ్గు.

సుధాకర్ ఇప్పుడు ఆ దేశంలో లేడు. భివండిలో మేనమామ ఇంట్లో, బట్ట నేసే సాంచెల చప్పుడు మధ్య ముఖం దాచుకున్నాడు. దొరికిన విమానం పట్టుకుని ముంబై దాకా వచ్చి, ఊళ్లో అడుగుపెట్టే ధైర్యం లేక అక్కడే ఆగిపోయాడు. తల్లికి మాత్రం ఫోన్లో చెప్పుకుని ఏడ్చాడు. ఆ రోజు సైరన్ మోగి అందరూ కిందికి దిగుతుంటే, పొగ మంచిగా కనబడుతుంది, మీదికెళ్లి ఒక్క వీడియో తియ్యరా అని సాగర్‌ను డాబా మీదికి పంపింది తనేనట. సాగర్ మళ్లీ దిగలేదు. ఆ డాబానే మిగలలేదు.

పద్మలతకు నువ్వే చెప్పవ్వా అన్నాడు. చెబుదామనే శంకరవ్వ లేచింది. గడప దాటకముందే పద్మలత ఎదురొచ్చింది. మొగుడు పోయాక ఆ ఒక్కడినీ బీడీలు చుట్టి సాకిన మనిషి.

"మా సాగర్ వీడియో ఏమన్న వచ్చిందా వదినె?"

ఆ ముఖం చూసి శంకరవ్వ, వస్తది అనేసింది. ఆ మాట దక్కించడానికి సుధాకర్ తన ఫోన్లో మిగిలిన పాత వీడియో ఒకటి పెట్టాడు. అబద్ధమూ పొయ్యి లాంటిదే, ఒకసారి అంటించాక రోజూ కట్టె పెట్టాల్సిందే. పెడుతూనే ఉన్నాడు.

"ఎప్పుడు జూసినా గదే ఎర్రంగి. గా పిలగానికి ఇంకోటి లేదా?" అంది పక్కింటి కోడలు మమతారాణి.

శంకరవ్వ గబుక్కున ఫోన్ బోర్లించింది.

"బాంబులు పడంగ అంగీలెవడు ఉతుక్కుంటడే," అంది పద్మలత ఆకు మడుస్తూ.

ఒకసారి ఫోన్ చేసి మాట్లాడరాదా అని ఇంకొకామె అడిగింది. దానికీ పద్మలతే జవాబు చెప్పింది. నేల కింద సిగ్నల్ ఉండదట. తను ఆడాల్సిన అబద్ధం ఆమె నోట వినేసరికి శంకరవ్వకు తల భూమిలో పెట్టుకోవాలనిపించింది.

పొద్దు గూకింది. ఒక్కొక్కరే చాటలు ఎత్తుకుని పోయారు. పద్మలత కొంగుముడి విప్పి పొట్లం తీసింది. నిన్న ధర్మపురి పోయి గోదాట్లో మునిగి వచ్చిందట. సుధాకర్ పేరు మీద అర్చన చేయించి, ఈ ప్రసాదం తెచ్చిందట.

శంకరవ్వ చెయ్యి చాపలేకపోయింది. ఆ పొట్లం నిప్పుకణికలా కనిపించింది. ఇంక దాస్తే పురుగులు పడి చస్తాననుకుంది.

"పద్మా, గా వీడియోలు పాతయే. మా సుధాకర్ వచ్చిండు. భివండిల ఉన్నడు. వాడే మీ సాగర్‌ను డాబా మీదికి తోలిండు. మీ సాగర్..."

శంకరవ్వ చెంప మీద దెబ్బ పడుతుందని కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. పద్మలత పొట్లం ఆమె ఒళ్లో పెట్టింది.

"నాకెరుకే వదినె, సాగర్ పోయిండని కంపెనీవోళ్లు మొదలే నాకు ఫోన్ జేసిండ్రు, గాని గా వీడియోలు అప్పుడే ఒడిసిపోకుంట జర తక్కువ తక్కువ పెట్టుమని సుధాకర్‌కు జెప్పు."