వందేళ్ళ సుగ్గి

"ఉగాది దాటడం కష్టం" అనేసి పెద్ద డాక్టరు పక్క వార్డుకు వెళ్ళిపోయాడు.

గోవిందన్న మంచం పట్టె మీద అట్లాగే కూర్చుండిపోయాడు. గోనెగండ్లలో రెండేళ్ళుగా పంట కోతలు లేవు గానీ, గోవిందన్న కోతలకు ఏనాడూ కరువు రాలేదు. అలాంటి మనిషి ఇవాళ ఏదో అనబోయాడు. దగ్గు మాత్రం వచ్చింది. ఆదోని జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ము మింగినవాడికి అదొక్కటే అడక్కుండా వస్తుంది.

భార్య సుంకులమ్మ నీళ్ళ సీసా అందించింది. ఆమె అన్న కొడుకు మహేశ్వర్ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. బెంగళూరులో ల్యాబు ఉద్యోగం. పొద్దున్నే దిగాడు, చేతిలో ఒక కాగితంతో.

"మామా, ఇంకొక దారుండాది. ప్రాణం పోయిన గడియలోనే మంచుకన్నా సల్లగుండే పెట్టెలో పెట్టేస్తారు. ఒళ్ళు చెడదు. యాభై ఏండ్లకో నూరేండ్లకో ఈ జబ్బుకు మందు రాకపోదు. అప్పుడు లేపుతారు. మావోళ్ళు కొత్తగా మొదలుపెడతాండారు, తొలి మనిషికి పైసా ఖర్చు లేదు. నువ్వు సంతకం పెడితే సాలు."

"మెల్లగ మాట్లాడరా. పండుకున్నోళ్ళు లేస్తారు" అంది సుంకులమ్మ.

"లేపుతారని గ్యారంటీనా?" అన్నాడు గోవిందన్న.

"గ్యారంటీ యాడిది మామా? ఆశ. కాల్చినా పూడ్చినా అది గూడా లేదు గదా."

ఆ మాట పట్టుకుంది గోవిందన్నను. చచ్చిన కళ్ళలోకి కొంచెం వెలుగొచ్చింది.

"నిజమే లేప్పా. మా చెరువులో కప్పలు సూడు. ఎండాకాలమంతా నెర్రెల్లో సచ్చినట్ల పడుంటాయి. చినుకు పడితే బెకబెకమని లేస్తాయి. మా తాతైతే పెద్ద కరువులో వాటి పక్కనే పండుకోని మూడేండ్లకు లేసినాడు. లేస్తానే ఏమడిగినాడో తెల్సునా? జొన్నరొట్టె ఆరిపోయిందా అని!"

మహేశ్వర్ నవ్వాడు. సుంకులమ్మ నవ్వలేదు.

"పెట్టెలో కంబళి కప్పనిస్తారా?"

"కంబళి ఎందుకత్తా? చలి తెలీదు."

"దీపం?"

"చీకటీ తెలీదు."

"వయసు?"

"అదీ పెరగదు. పోయినప్పుడు ఎంతో, లేసినప్పుడూ అంతే."

సుంకులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడుస్తావెందుకే? నూరేండ్లంటే మన చేనికి కాలువ నీళ్ళొచ్చేసుంటాయి" అన్నాడు గోవిందన్న.

"నీళ్ళకైతే ఇంకో నూరేండ్లు పండుకోవాల్సిందే మామా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

గోవిందన్న కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ వైపు ఊళ్ళలో గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి వలసపోవడాన్ని సుగ్గి అంటారు. ఇదీ ఒక సుగ్గే అనుకున్నాడు. కాకపోతే పెద్ద సుగ్గి. పోయినవాళ్ళు తిరిగి రాకపోతారా? వస్తారు. వచ్చినాకనే కదా కష్టం. పోయినేడు సుగ్గినుంచి తిరిగొచ్చి తలుపు కొడితే లోపల్నుంచి "ఎవురూ?" అని వినిపించింది. నాలుగు నెలలకే గొంతు గుర్తు లేకపోతే, నూరేళ్ళకు ఎవరు ఎవరిని పోల్చుకుంటారు? దప్పికై నీళ్ళడిగితే ఆ మాట ఎవరికి అర్థమవుతుంది? ఇల్లు ఉంటుందా? ఊరు ఉంటుందా?

కానీ సంతకం పెట్టకపోతే ఉగాది. అంతే. దాని అవతల ఏమీ లేదు.

పెన్ను అందుకున్నాడు.

"ఒరే మహేశా, తోడుగా నేనూ పోతానంటే?" సుంకులమ్మ అడిగింది.

"బతికుండోళ్ళను పెట్టరత్తా. అదీగాక ఒక్క మనిషికే చోటు."

ఆమె మంచం మీది దుప్పటి సర్దింది. తర్వాత మొగుడి చేతిమీద చెయ్యి వేసింది.

"ఏమయ్యా, నీ కప్పలు అన్నీ ఒక్కసారే లేస్తాయి గదా?"

"అవును. ఒక్క వానకే."

"ఒక్కటే లేసి, సుట్టూ ఇంకోటి లేక, అరిసేది యాడన్నా సూసినావా?"

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఏ ప్రశ్నకైనా ఒక కోత సిద్ధంగా ఉంచుకున్న గోవిందన్న దీనికి వెతుక్కున్నాడు. పెన్ను మూత పెట్టాడు.

"మామా, ఆలోచించుకో. మళ్ళా అడిగితే దొరకదు."

"వద్దులే అప్పా. ఎమ్మిగనూరు బస్సు ఎప్పుడుండాదో కనుక్కో. ఇంటికి పోతాము."

ఆ మాట అని గోవిందన్న మంచం మీదికి వంగి, నిద్ర చెదరకుండా, దుప్పటితో సహా భుజానికెత్తుకున్నాడు, జబ్బుతో చిక్కిపోయిన తన ఆరేళ్ళ కూతుర్ని.