గింజలు గీకిన ముక్కలు

టీచరమ్మ డాబా మీద పండించిన టమాటాలు పంచే పద్ధతే వేరు. పండుకి పండు ఎవరి చేతిలోనూ పెట్టదు. ముక్కలు కోసి, గింజలన్నీ చెంచాతో గీకేసి, ఉత్త కండ మాత్రం గిన్నెలో వేసుకుని గుమ్మం గుమ్మానికీ తిరుగుతుంది.

"గింజలేవి టీచరుగారూ?" అని మూడో అంతస్తు టైలరమ్మ ప్రతిసారీ అడుగుతుంది.

"గింజలు అరగవమ్మా."

"నాకు రాళ్ళిచ్చినా అరుగుతాయండీ."

"అరిగినా కడుపుకి ఎందుకులే అంత శ్రమ," అని టీచరమ్మ లిఫ్టెక్కేస్తుంది.

ఆ ముక్క నోట్లో పడితే టైలరమ్మకి కుట్టు వంకర పోతుంది. తీపీ పులుపూ నాలుక మీద జుట్టూ జుట్టూ పట్టుకున్నట్టుంటుంది. మార్కెట్లో దుర్భిణీ వేసి వెతికినా దొరకదు. ఆ మొక్క తన బాల్కనీలో ఉండాల్సిందే, లేకపోతే నిద్ర పట్టేలా లేదు.

అడిగింది. బతిమాలింది. కర్టెన్లు ఊరికే కుట్టిపెట్టింది. టీచరమ్మ కర్టెన్లు తీసుకుంది గానీ ఒక్క గింజ రాల్చలేదు. "పోనీ, ఆ విత్తనం మీకెక్కడ దొరికిందో చెప్పండి" అంటే అదోలా మొహం పెట్టి, "ఎక్కడో దొరికిందిలే" అని మాట మార్చేసింది.

డాబా ఎక్కి కనీసం కళ్ళారా చూద్దామంటే అదీ లేదు. పిందె పడగానే గుడ్డసంచి తొడిగేస్తుంది. పిట్టలు పొడుస్తాయట. ఆ సంచులు కుట్టిచ్చింది కూడా టైలరమ్మే, ఖర్మ.

"ఓ సంచి కోసుకొచ్చెయ్," అన్నాడు మొగుడు, బస్సు డ్యూటీ దిగొచ్చి సాక్సులు విప్పుకుంటూ.

"ఛీ, నేను దొంగనా?" అంది. అనగానే బుర్రలో లైటు వెలిగింది. అవునూ, ఆ గీకిన గింజలన్నీ ఎటు పోతున్నాయి?

బిల్డింగులో అందరి వంటింటి చెత్తా టీచరమ్మ బకెట్లోకే పోతుంది. తొక్కలు, కాడలు, టీపొడి పిప్పి, మెత్తబడ్డ కూరలు, ఏదీ వదలదు. డాబా మీద డ్రమ్ములో వేసి, ఎండుటాకులు కప్పి ఎరువు చేస్తుంది. ఆవిడ గింజలూ అందులోకే. టమాటా గింజ మహా మొండిది. చుట్టూ అంతా కుళ్ళినా అది కుళ్ళదు, ఓ మూల నుంచి మొలకై తల ఎత్తుతుంది.

మర్నాడే డాబా ఎక్కింది. "టీచరుగారూ, నాకూ ఎరువు చెయ్యడం నేర్పండి."

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది," అని టీచరమ్మ మురిసిపోయి చేతికి కర్రిచ్చింది. "కలుపు. ముక్కు మూసుకోకు. అది కంపు కాదు, బలం."

బలం కళ్ళలోకి ఎక్కుతుంటే టైలరమ్మ కలిపింది. టీచరమ్మ అటు తిరిగి నీళ్ళ కుళాయి కట్టేస్తుండగా, డ్రమ్ము అంచున మొలిచిన మొక్కని మట్టితో సహా లాగి టేపు పెట్టుకునే జేబులో పడేసుకుంది. మెట్లు దిగేటప్పుడు ఎంత మెల్లగా దిగిందంటే, ఎదురొచ్చిన వాచ్‌మన్ కాలు బెణికిందా అని అడిగాడు.

బాల్కనీ తొట్టిలో మొక్క ఏపుగా పెరిగింది. పైనుంచీ గుమ్మంలోంచీ టీచరమ్మ కంట పడకుండా అడ్డంగా దుప్పటి ఆరేసింది. ఆ దుప్పటి ఎన్నాళ్ళైనా ఆరలేదు పాపం. కాయలు పండాయి. మడతలు మడతలుగా, బుంగమూతి పెట్టుకున్నట్టు. టైలరమ్మకి అవి ముద్దొచ్చేశాయి. కొరికింది. అదే రుచి. కళ్ళు మూసుకుపోయాయి.

మొగుడూ కొరికాడు. "అబ్బ, అదిరింది. మా అక్కకి ఓ నాలుగు పంపుదామా?"

"మీ అక్కకా? ఆవిడకేం తెలుసు టమాటాల గురించి."

అప్పుడే తలుపు చప్పుడైంది. చెత్త కోసం బకెట్టుతో టీచరమ్మ. అదే అదనుగా గాలొచ్చి దుప్పటిని ఎగరేసింది. ఎర్రగా గుత్తులు గుత్తులు.

ఇక దాచడానికేముంది. టైలరమ్మ తల దించుకుంది. "మీ డ్రమ్ములోంచే లాగానండీ. తొట్టితో సహా పట్టుకెళ్ళిపోండి, ఏమీ అనుకోను."

టీచరమ్మ తిట్టలేదు. కుట్టుమిషన్ స్టూలు మీద కూలబడి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి అంది:

"పండు చూస్తే గుర్తుపడతావేమోనని ఇన్నాళ్ళూ నేనే భయపడి చచ్చానే పిచ్చిదానా, పోయినేడు మీ ఆడపడుచు పంపిన బుట్టెడు పళ్ళు వంకరమూతులతో ఉన్నాయని కొరికైనా చూడకుండా నా బకెట్లో గుమ్మరించావు చూడు, ఇవి వాటి పిల్లలే."