ఉన్ని టోపీ

“కాదనకు తల్లీ! ఉన్ని టోపీయేగా, బంగారు కిరీటమేం కాదుగా!”

పింఛన్ల క్లర్కు ఆ టోపీని మళ్లీ బల్ల అవతలికి జరిపింది. “మీ ఫైలు నా దగ్గరుండగా మీ చేత్తో ఏదిచ్చినా తీసుకోకూడదు పెద్దమ్మా. రూలు.”

“జబ్బు మనిషికి కూడానా?”

“జబ్బు మనిషికే మరీను. జాలిపడి అందరూ ఇస్తారు.” క్లర్కు నవ్వుతూ తలకు చుట్టుకున్న చున్నీ సర్దుకుంది. “అయినా నాకేం? కీమో పుణ్యమా అని దువ్వెన ఖర్చు తప్పింది.”

పెద్దమ్మ నవ్వలేదు. చనిపోయిన భర్త పింఛను కోసం ఆర్నెల్లుగా ఈ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఆయనదీ ఇదే జబ్బు. చివరి రోజుల్లో తలకు చలేస్తోందని వణికిపోతుంటే ఆయన కోసం అల్లిన టోపీ అది.

“పోనీ, నా పని అయ్యాక ఇస్తే?”

“అప్పుడు సరే. పై సంతకాలన్నీ అయ్యేసరికి మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లు ఆగలేరా ఏం?”

“నేనైతే ఆగగలను తల్లీ,” అంది పెద్దమ్మ మెల్లగా.

క్లర్కు చెయ్యి చున్నీ మీదే ఆగిపోయింది. డాక్టరూ ఇంట్లోవాళ్లూ ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చినా మింగేస్తున్న మాట ఇదేనన్నమాట.

ఆమె కళ్లు తుడుచుకుని ఫైలు విప్పింది. “కూర్చోండి పెద్దమ్మా. నేను రాయాల్సిందంతా ఇవాళే రాసేస్తాను. నా తరవాత వచ్చేవాళ్లు మిమ్మల్ని మళ్లీ తిప్పకూడదు.”

పెద్దమ్మ కూర్చుంది, ఒళ్లోని టోపీ చల్లబడిపోతుందేమో అన్నట్టు రెండు చేతులతో కప్పుకుని.