యోహాను కూర్చున్న బంతి

"ముందు ఆ పిలగాన్ని బంతిల నుంచి లేపుండ్రి!"

అండాలు గొంతుకు టెంటు కింద అన్నం తింటున్న వాళ్లందరి చేతులూ ఆగిపోయాయి.

ఆమె పెళ్లికొడుకు తల్లి. కొడుకు విజేందర్‌కు బక్కయ్య చిన్నకూతురు త్రివేణితో నిశ్చితార్థం చేయడానికి ఆలేరు నుంచి చుట్టాలను వెంటబెట్టుకుని హుజూర్‌నగర్ పక్కనున్న ఈ ఊరికి వచ్చింది. పాస్టరుగారి రాక ఆలస్యమవుతుందని ముందే భోజనాలు వడ్డించారు. ఉంగరాలు ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి.

ఆమె వేలు మూడేళ్ల యోహాను వైపు చూపిస్తోంది. వాడు త్రివేణి అక్క గ్లోరీ కొడుకు. కూర గిన్నె కోసం వంగినప్పుడు చొక్కా పైకి లేచి, కడుపు మీద అతికించిన సంచి బయటపడింది.

"ఎందుకు లేపాలె అత్తమ్మా?" అంది గ్లోరీ.

"ఎందుకా? గా సంచిల ఉన్నదేంది? నలుగురు అన్నం తింటాంటె నడుమ దొడ్డిసంచి పెట్టుకోని కూసుంటరా?"

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కుర్చీలు వెనక్కి జరిపి లేచిపోయారు. యోహాను రెండు చేతులతో చొక్కా కిందికి గుంజుకున్నాడు. అది చూసి గ్లోరీకి ఒళ్లు మండిపోయింది.

"వాసన లేదు, కారుతలేదు. ఏం అడ్డమొచ్చింది నీకు? పుట్టినకాన్నుంచి వీడు సక్కగ దొడ్డికి పోయిందే లేదు. కడుపు డప్పులెక్క ఉబ్బేది. పొడులు తాపిన, ఆముదం తాపిన, పండ్లు పెట్టిన, ఎనిమాలు ఇప్పిచ్చిన. పిల్లలల్ల శానమందికి గా మందులతోటే తగ్గుతదంట. వీనికి తగ్గలే. పట్నం దవాఖానల ముక్క తీసి పరీక్ష జేస్తె, పేగు చివర్ల నరాలే లేవన్నరు. అందుకే కడుపుల నుంచి దారి పెట్టిండ్రు. ఇంకో ఆపరేషన్ జేసి చెడ్డపేగు తీసేస్తరు. మంచిపేగు కిందికి కలిపినంక సంచి పోతది."

"పోతదో ఉంటదో మాకెందుకు? రోగం మీ రక్తంల ఉన్నది. రేపు నా కొడుక్కు గిసొంటోడే పుడితె ఎవలు మోస్తరు? గిది దాసిపెట్టి పిల్లను అంటగడ్తున్నరా మాకు?"

బక్కయ్య చేయి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చాడు. "వదినె, జర నిమ్మళం. నేను పిలగాన్ని ఇంట్లకు తీస్కపోత. ఆడ్నే తింటడు."

"ఏం తప్పు జేసిండని ఇంట్లకు, బాపూ?" గ్లోరీ తండ్రి మీదికే లేచింది. "దొంగతనం జేసిండా? వాణ్ని లేపినంక నేను కూసుంటనా?"

పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని త్రివేణి వాకిట్లోకి వచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ మాట తొణకలేదు.

"మా అక్క కొడుకును లేపితె నాకు గీ ఉంగరం వద్దు."

"ఇన్నరా! ఇంకా గడప తొక్కకముందే నోరు చూడుండ్రి!" అండాలు చేతిలోని ప్లేటు టేబుల్ మీదికి విసిరింది. బగార అన్నం దాని మీద పరిచిన గుడ్డ నిండా చిందింది. "విజేందర్, లే! సంబంధం లేదు, ఏం లేదు. బండెక్కుండ్రి అందరు!"

విజేందర్ అప్పటిదాకా తల ఎత్తలేదు. తల్లి వచ్చి జబ్బ పట్టుకుని లాగింది. అతను ఒక్క విదిలింపుతో చేయి విడిపించుకున్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. దవడలు బిగుసుకున్నాయి. కొడతాడేమోనని బక్కయ్య మనవడికి అడ్డంగా నిలబడ్డాడు.

విజేందర్ ఆయన్ను పక్కకు జరిపి, ఖాళీ అయిన కుర్చీ లాక్కుని యోహాను పక్కన కూర్చున్నాడు.

"అన్నం తిను బిడ్డా. నిన్ను ఎవ్వలు లేపరు."

"నీకేం పుట్టిందిరా? లే ఆడికెల్లి!" అని అరిచింది అండాలు.

అతను చొక్కా గుండీల మీద చేయి వేశాడు. అండాలు గొంతు ఒక్కసారిగా పడిపోయింది.

"వద్దు కొడుకా... నీ కాళ్లు మొక్కుత, వద్దు."

పై గుండీ ఊడింది. తర్వాతివీ ఊడాయి. యోహానుకు సంచి ఉన్న చోటే, విజేందర్ కడుపు మీద లోపలికి ముడుచుకుపోయిన పాత మచ్చ ఉంది.

"అమ్మా, సంచులు దొరకని ఆ రోజులల్ల నా కడుపుకు ఎన్ని గుడ్డలు గట్టి ఎన్ని గుడ్డలు పిండినవో, నువ్వే చెప్పు వీళ్లకు!"