కత్తి గుర్తు

"ఇదీ పోయింది!" అంటూ ఇంకో అర్థం పక్కన ఎర్ర సిరాతో కత్తి గీశాడు ఆయన.

నిఘంటువు ఆఫీసులో ఆయన్ని అందరూ కత్తిగారనే పిలుస్తారు. ఇంగ్లీషు మాటకు ఉన్న పాత అర్థాన్ని జనం వాడడం మానేస్తే, దాని పక్కన చిన్న కత్తి బొమ్మ వేస్తారు. ఆ అర్థం చచ్చిపోయిందని గుర్తు. కొత్త ముద్రణ కోసం ఆ చావులన్నీ తేల్చే పని ఈయనది.

పొద్దుటి నుంచి మంచి ఊపు మీదున్నాడు.

'విలన్' అంటే ఒకప్పుడు పొలంలో చాకిరీ చేసే కూలివాడు. దొరల నోట్లో నాని నాని దుర్మార్గుడైపోయాడు. కూలివాడికి కత్తి. 'సిల్లీ' అంటే ఒకప్పుడు దేవుడి దయ ఉన్నవాడు. తెలివిగలవాళ్లంతా కలిసి వాణ్ని వెర్రివాణ్ని చేశారు. దానికీ కత్తి.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

ఒక ముసలావిడ. వెలిసిన బట్టలు. వేళ్ల చివర్లు మాత్రం అరిగి నున్నగా మెరుస్తున్నాయి.

"ఏం కావాలి పెద్దమ్మా?"

"ఒక మాట గురించి వచ్చాను బాబూ. స్పిన్‌స్టర్."

కత్తిగారికి నవ్వొచ్చింది. "ఇంగ్లీషు వచ్చా నీకు?"

"ఆ ఒక్క ముక్కే వచ్చు. మా వీధి పిల్లలు నన్ను అలాగే పిలుస్తారు. పెళ్లి కాని ముసలిదని."

"అర్థం అదే కదా!"

"మొదట అది కాదటగా? నూలు వడికే ఆడమనిషి అనటగా? మీ పుస్తకంలోనే ఉందని కింద ఒకాయన చెప్పాడు. అది విన్నాక నాకు సిగ్గు పోయింది బాబూ. ఇప్పుడు పిల్లలు పిలిస్తే 'ఏంట్రా' అని పలుకుతున్నాను."

"అయితే ఏమంటావు?"

"దానికి కత్తి వేస్తున్నారట. వేయకండి. మళ్లీ తలొంచుకు తిరగాలి."

ఆవిడ చెప్పింది నిజమే. నూలు వడికి తన కూడు తను తినే ఆడది. మొగుడి మీద ఆధారపడనిది. అది చూసి లోకానికి ఒళ్లు మండింది, పని పేరు కాస్తా ఎత్తిపొడుపైంది. ఇదంతా కత్తిగారికి తెలుసు. తెలిసి ఏం లాభం?

"ఈ రోజుల్లో చేత్తో నూలు వడికేదెవరమ్మా?"

"నేను వడుకుతాను."

"నువ్వు చెబితే చాలదు. ఈమధ్య ఏ పుస్తకంలోనైనా, పేపర్లోనైనా ఎవరైనా ఆ అర్థంతో రాశారా? అచ్చులో లేనిది మా దృష్టిలో లేనట్టే."

"మనిషి ఎదురుగా నిలబడ్డా?"

"మనుషుల సాక్ష్యం ఇక్కడ చెల్లదు."

తన మాటకి తనే ముచ్చటపడ్డాడు. ఊరుకోక ఇంకొంచెం కారం జల్లాడు.

"అయినా నీ నూలు ఎవడిక్కావాలి? దేనికి పనికొస్తుందట?"

ఆవిడ బల్ల మీద తెరిచి ఉన్న పాత నిఘంటువు మీదికి వంగింది. రెండు పేజీల మధ్య మడతలో బొటనవేలు పెట్టి నొక్కింది.

"గట్టిగానే ఉంది," అంది తనలో తను.

"ముట్టుకోకమ్మా, మాసిపోతుంది!"

ఆయన పుస్తకం లాక్కున్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లగా మెట్లు దిగిపోయింది.

ఆవిడ చివరి మెట్టు దిగకముందే కత్తి పడింది.

కొత్త ముద్రణ అచ్చయింది. మొదటి ప్రతి కత్తిగారి చేతికొచ్చింది. సంబరంగా బార్లా తెరిచాడు.

పెళపెళమంది. పేజీలు కట్టకట్టగా ఊడి కాళ్ల మీద పడ్డాయి.

వాటిని పోగేసుకుని, పాత పుస్తకాన్ని చంకన పెట్టుకుని, కింద బైండింగు షెడ్డులోకి ఊడిపడ్డాడు.

"ఏం చేశావయ్యా దీన్ని? ఈ పాతదాన్ని చూడు. ఎంతమంది ఎన్నేళ్లు పీకినా ఒక్క పేజీ కదల్లేదు!"

"అది కుట్టింది సార్. ఇది జిగురు," అన్నాడు బైండరు.

"దీన్నీ కుట్టలేకపోయావా?"

"దేంతో కుట్టను? బజారు దారం కాగితాన్ని కోసేస్తోంది. మనకి నూలు వడికిచ్చే అక్క మానేసింది."

"మానేస్తే నాకు చెప్పొద్దూ? నేనే వెళ్లి బతిమాలేవాణ్ని కదా! ఎవరావిడ?"

బైండరు జిగురు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. తల ఎత్తలేదు.

"మీ దగ్గరికి వచ్చింది సార్. దిగొచ్చి, 'పైన నేను లేనట తమ్ముడూ' అని నవ్వింది. ఇంటికెళ్లి కదురు పొయ్యిలో పెట్టేసింది. ఇప్పుడు పిల్లలు పిలిచినా పలకడం లేదు."

కత్తిగారి చెవులు కాలిపోయాయి.

"ఆ కత్తి... తీయించేస్తాను."

"ఎలా తీస్తారు సార్? అచ్చులో ఉంది."

ఆయన ముఖం కనపడకుండా గోడవైపు తిరిగి, పాత పుస్తకం తెరిచి, ఆవిడ వేలు పెట్టిన మడతలోనే తన వేలు పెట్టి నొక్కాడు.

ఆయన చదువూ ఉద్యోగమూ పేజీ పేజీగా రాలిపోకుండా ఇన్నేళ్లూ పట్టుకుని ఉన్నది, ఆయన ఎర్ర సిరాతో చంపేసిన మనిషి వడికిన నూలే.