వెనక్కి తిప్పిన ముల్లు

చర్చి తలుపు మూసి ఉంది. విల్లాడ్స్ రెండుసార్లు తట్టాడు. పడమటి సముద్రం మీంచి వచ్చే గాలి వడగళ్ళను అతని కోటు మీదికి విసిరికొడుతోంది. దేశమంతా గడియారాలు మార్చుకునే వేసవి సమయం మొదలయ్యేది ఇవాళే మరి!

పక్క తలుపు తీసుకుని టోవె బయటికొచ్చింది. చర్చి ఊడ్చేదీ, తాళం వేసేదీ ఆవిడే.

“ఇప్పుడా రావడం? ఆరాధన అయిపోయి జనం భోజనాలకి కూర్చుని ఉంటారు.”

విల్లాడ్స్ చేతిగడియారం చూసుకున్నాడు. చనిపోయిన చెల్లెలి కూతురు సిగ్నే, బిడ్డ బాప్తిజానికి నువ్వు రాకపోతే ఒప్పుకోనని ఎంత బతిమాలింది!

“గడియారం మార్చుకోలేదా?” అంది టోవె.

“మార్చాను. గంట వెనక్కి.”

“వెనక్కి కాదయ్యా, ముందుకి! మీ రైతుల కోసమే కదా ఈ వేసవి సమయం పెట్టింది? మీకే తెలియకపోతే ఎలా?”

“మా కోసమా?”

రెండు గొంతులు ఒక్కసారే అన్నాయి. విల్లాడ్స్ వెనక్కి తిరిగాడు. గేటు దగ్గర సైకిల్ పట్టుకుని తమ్ముడు ఎస్బెన్ నిలబడి ఉన్నాడు.

అన్నదమ్ములకి మాటల్లేక నాలుగేళ్ళు. అదీ ఈ గంట మూలంగానే. పాల బండి గడియారం ప్రకారం వస్తుంది కాబట్టి గడియారం మారిన రోజు నుంచే గంట ముందు పితకాలన్నాడు ఎస్బెన్. ఆవులకి గడియారం తెలియదు, మెల్లగా అలవాటు చేద్దామన్నాడు విల్లాడ్స్. ఎస్బెన్ వినలేదు. నిద్రలోంచి లేపిన ఆవు తన్నింది, అతని చెయ్యి విరిగింది. “తగిన శాస్తి జరిగింది” అన్నాడు విల్లాడ్స్. ఆ మాటతో ఉమ్మడి మంద రెండు ముక్కలైంది.

“గంట వెలుగు ఆదా అవుతుందట కదా మరి?” టోవె వదల్లేదు.

“ఎవరికి?” అన్నాడు ఎస్బెన్. “పొద్దుటి వెలుగు సాయంత్రానికి జరుపుతారు. సూర్యుడేమన్నా ఎక్కువ కాస్తాడా?”

“పేరు వేసవి. మొహాన వడగళ్ళు!” అన్నాడు విల్లాడ్స్.

“మీతో నేను వాదించలేను బాబూ” అంటూ టోవె తాళం వేసి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు. విల్లాడ్స్ తమ్ముడి చేతి వైపు చూశాడు.

“చెయ్యి ఎలా ఉంది?”

“చలికి లాగుతుంది.”

“ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది రా.”

ఎస్బెన్ సైకిల్ గంట మీద వేలు రాస్తూ ఉండిపోయాడు. “ఆవు తన్నింది ఎప్పుడో మర్చిపోయాను. నీ మాటే మర్చిపోలేకపోయాను, అన్నా.”

విల్లాడ్స్ దగ్గరికి వెళ్ళి, ఆ చేతిని రెండు చేతుల మధ్యకి తీసుకున్నాడు.

“ఇంతకీ నువ్వెందుకు ఆలస్యం?” అన్నాడు చివరికి.

“నేనూ వెనక్కే తిప్పాను. సిగ్నే ఫోన్ చేసి మరీ చెప్పింది.”

“నాకూ అదే చెప్పింది!”

“పచ్చి బాలింత, పాపం. నిద్రలేక తికమకపడింది.”

“దాన్నేమీ అనొద్దు. తప్పు మనమీదే వేసుకుందాం.”

సైకిల్‌ని విల్లాడ్స్ వ్యాన్‌లో పడేసి ఇద్దరూ బయల్దేరారు. దారి పొడుగునా ఆవుల సంగతులే. ఏది ఈనింది, ఏది వట్టిపోయింది, దేని పొగరు ఎలా అణిగింది.

సిగ్నే బిడ్డని భుజాన వేసుకుని తలుపు తీసింది. లోపలి నుంచి కాఫీ వాసన వస్తోంది.

“క్షమించమ్మా” అన్నాడు విల్లాడ్స్. “బాప్తిజం చూడలేకపోయాం. ముసలి బుర్రలు, గడియారం తప్పు తిప్పుకున్నాం.”

“నీ తప్పేం లేదమ్మా” అన్నాడు ఎస్బెన్.

సిగ్నే పక్కపక్కన నిలబడ్డ ఆ ఇద్దరినీ చూసింది. కళ్ళు తుడుచుకుంది. నవ్వింది.

“మీరిద్దరూ కలిసి రావాలనే అలా చెప్పాను. బాప్తిజం వచ్చే ఆదివారం, మామయ్యా.”